తాత తలాపున రాయి

మా పాలెం పుట్టినచోటే ఉంది. మారిందల్లా దాని మీద పెత్తనమే. నా చిన్నతనంలో ఉత్తరం మీద ఉదయగిరి తాలూకా అని రాసేవాళ్లం; వాగు అవతలంతా ఆత్మకూరు తాలూకా. తర్వాత తాలూకాలు తీసేసి మండలాలు పెట్టారు. వాగుకి ఇవతల ఉన్న మేము ఒక మండలం, అవతలి గట్టున ఉన్న మా చుట్టాలు ఇంకో మండలం అయిపోయాం. ఏ పనికి ఉదయగిరి వెళ్లినా ఆత్మకూరు పొమ్మనేవారు, ఆత్మకూరు వెళితే ఉదయగిరి పొమ్మనేవారు. మమ్మల్ని అడిగి గీసిన గీత ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మండలాలు వచ్చిన కొత్తలోనే తాత పోయాడు. పాలెంలో అందరం బాప్టిస్టులమే. మా సమాధుల తోట వాగుకి ఇవతలే, గట్టుకి కాస్త ఎగువన ఉండేది. సిమెంటు సిలువ చేయించే స్థోమత లేదు. ఒకరోజు నాయన గట్టున మేకలు మేపుతుంటే ఒరిగిపోయిన రాయి ఒకటి కనిపించింది. దాని నెత్తిన సిలువ చెక్కి ఉంది. నాయన సంబరం చూడాలి! దేవుడే పంపాడని బండిలో వేసుకొచ్చి తాత తలాపున పాతాడు.

"అది తాలూకా హద్దు రాయేమోరా, సర్వేవాళ్లు అట్నే చెక్కుతారు" అని ఒక పెద్దాయన అన్నాడు.

"తాలూకానే పోయినాక దాని రాయి ఎవురిక్కావాల మామా?" అన్నాడు నాయన.

తాత పక్కన ఒక మనిషి పట్టేంత చోటు అవ్వ తనకోసం వదిలిపెట్టించింది. ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక అక్కడికి వెళ్లి, ఆ మట్టి మీద ముళ్లు ఏరేసి, "నన్ను ఈడే పెట్టాల, ఇంకేడా వద్దు" అనేది. అవ్వ ఈ లోకాన్ని కోరింది అదొక్కటే.

మొన్నీమధ్య భూములు మళ్లీ కొలిచారు. కొలతలకు వచ్చినాయన తాత రాయి చూసి, హద్దు రాయి దొరికిందని అక్కడి నుంచే గీత లాగాడు. తాత సమాధి, అవ్వ చోటు, వాగు దాకా ఉన్న తోట మొత్తం పక్క మండలంలోకి పోయాయి. ఆ మండలం వైపు బంజరంతా సోలార్ పలకలకి ఇచ్చేస్తున్నారని అప్పటికే అనుకుంటున్నారు.

నాయన ముందుకొచ్చాడు. "సార్, అది హద్దు కాదు. మా నాయన సమాధి రాయి. ఆ గట్టు కాడుండేది..."

"సర్వే రాయి పీకితే కేసవుతాది పెద్దాయనా. ఎవురు పీకినారు? పేరు చెప్పు."

పోలీసు జీపు కనబడితే దారి మార్చుకునే మనిషి మా నాయన. ముందుకొచ్చినవాడు వెనక్కి జరిగాడు. పక్కనుంచి నేను ఎంత పొడిచినా కదల్లేదు.

విషయం విని అవ్వ మంచం మీద లేచి కూర్చుంది.

"నేనే తెచ్చినానని చెప్పరా! జైల్లో పెడితే పెట్టనీ, నీకు ముద్ద నేను తెస్తా."

"తెస్తావులే, లేచి నడవలేవు గానీ" అన్నాడు నాయన. నవ్వబోయి ఏడ్చాడు.

నేను రెండు ఊళ్ల ఆఫీసుల చుట్టూ తిరిగాను. రాయి తెచ్చిన మనిషే వచ్చి చెప్పాలన్నారు. నాయన రేపు పోతానన్నాడు, మళ్లీ రేపన్నాడు. ఈలోగా ఆ గీత మీద సోలార్ వాళ్ల కంచె లేచింది. ఆ వానాకాలంలోనే అవ్వ పోయింది.

కంచె దగ్గర కాపలావాళ్లు లోపలికి రానివ్వలేదు. బతిమాలాం, తిట్టాం, లాభం లేకపోయింది. శవాన్ని ఎంతసేపని మోస్తాం? కంచెకి ఇవతల, తాత తల వెనక గుంట తవ్వాం. మా ఆచారం ప్రకారం తల పడమటికి, కాళ్లు తూర్పుకి పెట్టాం. అంటే అవ్వ కాళ్లు సరిగ్గా తాత తల వైపు వచ్చాయి. తాత ఉన్న దిక్కుకి ఎన్నడూ కాళ్లు చాపి కూర్చోని మనిషి.

పాస్టరుగారు ప్రార్థన ముగించాక, తలాపున ఏ రాయి పెడదామని ఎవరో అడిగారు.

నాయన మట్టి చేతులు దులుపుకోలేదు.

"ఏ రాయీ వద్దురా" అన్నాడు. "మా యమ్మ కాడ్నించన్నా ఎవురూ గీత లాగకుండా ఉండనీ."