మా అత్త చూడని ఊరు

మా మేనత్త పోయింది. పోయిన మంగళవారం విరుదునగర్‌లో, వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తూ అలాగే ఒరిగిపోయిందని మనిషి వచ్చి చెప్పాడు. ఆ ఊరి పేరు మారి ఎన్నేళ్ళయినా ఆమె నోట చివరిదాకా విరుదుపట్టే. ఎవరైనా కొత్త పేరు చెబితే "అది యాడుండాది నాయనా?" అని ఏమీ ఎరగనట్టు అడిగేది.

నేను చిన్నవాడిగా ఉన్నప్పుడు ఆమె భర్త, మా మామ, మిరప బస్తాలతో తూత్తుకుడిలో తెరచాప తోణి ఎక్కి కొలంబోకి బయలుదేరాడు. ఆ వారమే గాలివాన. తోణీ రాలేదు, మనిషీ రాలేదు. శవం దొరకనివాళ్ళకు మాలో గడ్డితో మనిషిబొమ్మ చేసి, చితి పేర్చి కాలుస్తారు. ఆ రోజే భార్య మెడలో తాళి తీస్తారు. వాళ్ళకు పిల్లలు లేరు కనుక నిప్పు పెట్టాల్సింది మేనల్లుణ్ణి నేనే. పెద్దలు వచ్చి అడిగితే అత్త ఒకటే మాట అంది.

"సముద్రం పక్క ఊర్లన్నీ విచారించి వస్తా. యాడా లేడంటే అప్పుడు చేయండి బొమ్మ."

ఒక్క వేసవిలో తేలిపోయే పని కదా అని వాళ్ళు సరేనన్నారు. మా పెద్దలు చేసిన పొరపాట్లలో నాకు నచ్చింది అదొక్కటే.

ఏటా పత్తి ఏరడం అయ్యాక అత్త కోవిల్‌పట్టిలో మా ఇంటికి వచ్చేది. చింతపండన్నం మూట కట్టుకుని ఇద్దరం బస్సెక్కేవాళ్ళం. ఏడాదికి ఒక ఊరే. తన పక్క సీటు మీద మామ తువ్వాలు పరిచేది, నన్ను వెనక కూర్చోమనేది. కండక్టరు అరవంలో ఎవరికమ్మా ఇది అని అడిగితే, వస్తారని అరవంలోనే జవాబు. కొన్నాళ్ళకు కండక్టర్లకు అలవాటైంది. ఎంత కిక్కిరిసిన బస్సులోనూ ఆ తువ్వాలు మీద ఎవరూ కూర్చునేవారు కాదు.

ఏడుస్తూ తిరిగేదనుకునేరు. ఒడ్డున వలలు బాగుచేసేవాళ్ళను ఒక్కసారి అడిగేది, చెవులకు ఎర్రరాళ్ళ పోగులున్న మనిషి ఇటు వచ్చాడా అని. లేదంటే తల ఊపి, ఇక ఊరు చూడడంలో పడేది. కాయల్‌పట్టణం సందులు, ఉప్పు మళ్ళు, తాటిముంజలు, ఏదీ వదిలేది కాదు. నేను తొందరపెడితే కసిరేది.

"నిదానంగా చూడు రా. చూసేసిన ఊరు మళ్ళా దొరకదు."

కులశేఖరపట్టణంలో ఒక సాయంత్రం ఇసకలో కూర్చుని ఉన్నట్టుండి కొంచెం జరిగింది. పక్కన ఎవరికో చోటిచ్చినట్టు. నవ్వింది కూడా.

సముద్రం పక్క ఊర్లలో మాకు దగ్గరిది వేంబారు. పగిలిన తోణి పలకలు ఆ ఒడ్డుకే కొట్టుకొచ్చాయని అందరం విన్నాం. అక్కడికి పోదామని ఎన్నిసార్లన్నా, "ఇంటి పక్క ఊరే కదా, ఏంటికి అంత ఆత్రం?" అనేది. పెద్దలు అడిగినప్పుడు మాత్రం "ఇంగా ఒక ఊరు ఉండాది" అనేది. ఆమె తిరిగింది మామను వెతకడానికి కాదని, ఆ వెతుకులాట ముగిసిపోకుండా చూసుకోవడానికని నాకు తట్టేసరికి నాకు పెళ్ళయి పిల్లలు కూడా పుట్టారు. తట్టాక ఆమె మీద ప్రేమ ఇంకా పెరిగింది.

అత్తను పసుపు కుంకుమలతోనే సాగనంపాం. ఎవరూ అడ్డు చెప్పలేదు. మర్నాడు మామ అన్నగారు నన్ను పక్కకు పిలిచాడు.

"ఆమెకోసరం ఇన్నేండ్లు ఊరకుండినాం అబ్బయ్యా. ఇంగ వేంబారు పొయ్యి అడిగి రా. దోవ తెలీక తిరగతా ఉంటాడు వాడు. ఆ నిప్పేదో పెట్టేద్దాం."

ఆయన మాటలో తప్పులేదు. నిన్న వేంబారు మీదుగా పోయే సాయల్‌కుడి బస్సెక్కాను.

మిట్టమధ్యాహ్నం వేంబారులో ఆగింది. చేపల వాసన, కళ్ళు తెరవనివ్వని ఎండ. కండక్టరు నా టిక్కెట్టు గుర్తుపెట్టుకుని ఊరి పేరు రెండుసార్లు అరిచాడు. నేను లేవలేదు. దిగితే మామ చచ్చిపోతాడు. పై ఊరికి టిక్కెట్టు ఇమ్మన్నాను.

బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు మీద ఎవరో ఒకాయన తడిసిన పంచె అంచు పిండుకుంటూ, మా బస్సు వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు.