తెడ్ల జంతువుకు కన్ను

ముప్పై ఏళ్లు గోడల మీద బొమ్మలు వేశాను. మా ఇల్లు జమ్మలమడుగులో. ఏ బొమ్మకైనా కళ్లు ఆఖరున పెట్టడం మా పని పద్ధతి. కంట్లో ఆ నల్ల చుక్క నా భార్య పెట్టేది. పెట్టి, గేటు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి చూసి, "నన్నే చూస్తాండాది" అనేది. అప్పుడే నేను కుంచె కడిగేవాడిని. ఆమె పోయి రెండేళ్లు. అప్పటినుంచి షాపుల బోర్డులే రాస్తున్నాను. అక్షరాలకు కళ్లుండవు.

పోయిన ఎండాకాలం పులివెందులలో ఒక బడివాళ్లు డైనోసార్లు వేయమన్నారు. వద్దనాల్సింది. ఇంట్లో ఒక్కడినే కూర్చోలేక ఒప్పుకున్నాను. ఫోన్‌లో బొమ్మలు చూసుకుని, గొర్రెల మందను తోలినట్టు అన్నింటినీ ఒకే వరుసలో పెన్న గట్టున నడిపించాను. వాటిలో పొడుగు మెడది ఒకటి. ఫోన్‌లో అది నీళ్లలో ఉంది, కాళ్లు కనపడలేదు. మడుగులో దిగిన ఎనుముకు మాత్రం కాళ్లు కనపడతాయా? అడుగున ఉంటాయిలే అని నాలుగు కాళ్లు నేనే తగిలించాను.

ప్రొద్దుటూరు నుంచి వచ్చే సైన్సు టీచరమ్మ చూసి నవ్వింది.

"ఇది డైనోసార్ కాదు మామా. అవి నేల మీద తిరిగేటివి, కాళ్లు ఒంటి కిందికి నిలువుగా ఉంటాయి. దీనికి కాళ్లు యాడివి? నాలుగూ తెడ్లే. కాలం ఒకటేగానీ వంశం వేరు."

"గట్టెక్కి పడుకోదా?"

"పడుకోదు. పిల్లను గూడా నీళ్లలోనే ఈనేది. అట్లని చేపా కాదు. మొప్పలుండవు, గాలికి పైకి రావాల్సిందే."

సున్నం కొట్టి దాన్ని మందలోంచి తీసేశాను. ఎదురు గోడ మీద నీళ్లు వేసి, అందులో ఒక్కదాన్నే దింపాను. టీచరమ్మ చెప్పింది నిజమే, అయినా నాకు ఆమె మీద శానా కోపం వచ్చింది. నిన్నటిదాకా పదింటితో నడిచిన జంతువది.

మూడో రోజుకు కళ్లు తప్ప అన్నీ అయ్యాయి.

"కళ్లు వేరేవాళ్లతో పెట్టించుకోండి మేడమ్" అన్నాను.

ఎందుకని అడిగింది. నా భార్య సంగతి చెప్పాను. టీచరమ్మ ఎదురు గోడ మీది తెడ్ల జంతువును చూపించింది.

"కళ్లు లేకుంటే, గాలికి యాడికి రావాల్నో దానికెట్ల తెలుస్తాది మామా?"

అంతే అని, బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. మొండి మనిషి.

ఆ కోపంతోనే మందకంతా చకచకా చుక్కలు పెట్టేశాను. తెడ్ల జంతువు దగ్గరికి వచ్చేసరికి కుంచె దించేశాను. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి కాసేపు ఏడ్చాను. తర్వాత చుక్క పెట్టాను.

కుంచె గోడ దగ్గరే వదిలి, గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాను.

"నన్నే చూస్తాండాది" అన్నాను.

ఆ మాట విని కుంచె కడగాల్సినవాడిని కూడా నేనే. మళ్లీ గోడ దాకా నడిచి వెళ్లి కడిగాను.