అమానతు చేపకు అద్దాల ఇల్లు

సమస్త స్తోత్రాలు అల్లాహ్‌కే. నీటిలో ఊపిరిని దాచినవాడు ఆయన. బొటనవేలంత చేపకు పెళ్లిబట్టలంత రెక్కలిచ్చినవాడు ఆయన. ఏ ప్రాణికి ఎంత చోటు కావాలో, ఎంత తోడు కావాలో మనకంటే ముందే కొలిచిపెట్టినవాడూ ఆయనే. ఆ కొలతను నేను కొంచెం సరిదిద్దబోయాను. ఆ కథే ఇది.

నేలకొండపల్లిలో మా ఇంటి కింద మా ఆయన ఫొటో ఫ్రేముల దుకాణం ఉంది. భద్రాద్రి రామయ్య పటాలకూ అరబ్బీ అక్షరాల పటాలకూ ఒకే కర్ర, ఒకే గాజు, ఒకే మేకులు. దుకాణం మీద మేము ఉంటాం. మా మీద కిరాయికి ఒక టీచరమ్మ ఉంటుంది. ఒకరోజు పొద్దున ఆమె భుజాన బ్యాగు, చేతిలో ఒక గాజు సీసాతో మెట్లు దిగి వచ్చింది. సీసాలో నీలం రంగు ఫైటర్ చేప.

"అక్కా, నన్ను ఇరవై రోజులు భద్రాచలం అవతల అడవి బడికి వేసిండ్రు. ఆడ ఫోన్ సిగ్నల్ గుట్టెక్కితే గని రాదంట. దీన్ని నీకు అమానతు ఇస్తున్న."

అమానతు అంటే నమ్మి అప్పగించిన సొత్తు; ఆ మాట ఆమెకు మా ఇంట్లోనే అబ్బింది. ఎక్కడ కట్టేస్తే నేను కదలలేనో ఆమెకు తెలుసు.

"ఈ సీసా దానికి చాలదక్కా. గాజు పని మీదే కదా, మంచి తొట్టి ఒకటి చూడు. వెడల్పుది కావాలె. మూత ఉండాలె, ఎగురుతది. ఇంకొక ఫైటర్‌ని మాత్రం పక్కన వెయ్యకు, కొట్టుకొని చస్తయ్." బస్సు హారన్ వినబడగానే పరుగెత్తింది.

సాయంత్రం నమాజు తర్వాత వాడకట్టు ఆడపిల్లలు నా దగ్గర అల్లాహ్ కలాం, ఖురాన్, చదువుకోవడానికి వస్తారు. నమ్మి అప్పగించినదాన్ని అప్పగించినట్టే తిరిగివ్వాలనీ, లేకుంటే రేపు ఆయన ముందు జవాబు చెప్పుకోవాలనీ వాళ్లకు వారం వారం చెప్పేది నేనే. ఈ చేప చచ్చిపోతే ఆ పాఠం మళ్లీ ఏ నోటితో చెప్పాలి?

మా అత్తమ్మకు ఆ బెంగ లేదు. సీసాను కళ్ల దగ్గర పెట్టుకొని చూసింది. ఇన్నేళ్లయినా ఆమెకు నేను దుల్హన్‌నే, కొత్త కోడలినే. "తొట్టి ఎందుకు దుల్హన్? బిర్యానీ డేగిసా ఉంది కదా. అందుల వెయ్యి. ఎట్లయినా పనికొస్తది."

"అత్తమ్మా, అది అమానతు!"

"అందుకే మూత పెట్టి వండమంటున్న," అని పళ్లులేని నోటితో నవ్వింది. ఆ రోజే చేపకు పహిల్వాన్ అని పేరు పెట్టింది.

మరునాడు ఖమ్మం వెళ్లాను. చేపల దుకాణంలో మొదట ఒక గుండ్రటి గిన్నె చూపించాడు. "గ్లాసెడు నీళ్లు చాలమ్మా దీనికి," అన్నాడు.

"గ్లాసెడు బియ్యంతో నీకు పూట గడుస్తది, నెల గడుస్తదా బాబూ?"

అతను నవ్వి ఈసారి సన్నగా ఎత్తుగా ఉన్న తొట్టి చూపించాడు. లోపల ప్లాస్టిక్ కోట, దాని నుంచి బుడగలు. ఈ చేప పైకొచ్చి గాలి పీల్చుకుంటుందని నేను నిన్నంతా చూశాను. గాలి కోసం రోజంతా మినారు ఎక్కి దిగినట్టు ఎక్కి దిగాలా? కోట అంచులు కూడా రంపంలా ఉన్నాయి. ఆ రెక్కలు తగిలితే చిరుగుతాయి. "రాజులు కోటలు కట్టి ఏమైపోయిన్రో తెలుసు కదా," అని వట్టి చేతులతో బస్సెక్కాను.

ఇంట్లో మా ఆయన మొహం ముడుచుకొని కూర్చున్నాడు. "ముప్పై ఏండ్ల సంది గాజు కోస్తున్నోని పెండ్లానివి. గాజుతొట్టి బజారుల చూసొస్తవా? నలుగురు ఏమనుకుంటరు?"

ఆ పూటే కొలతలు తీశాడు. మూరన్నర పొడవు, జానెడున్నర వెడల్పు, జానెడు ఎత్తు. సీసాలో పట్టేది ఒకటిన్నర లోటా. ఇందులో రెండు బిందెలు పోసినా పైన నాలుగు వేళ్ల గాలి మిగులుతుంది. అంచులన్నీ రాతితో అరగదీశాడు. మందం గాజు మాత్రం అడుగుకూ మూడు పక్కలకే సరిపోయింది. వెనక గోడకు ముక్క లేదు. మూలన ఒక పెద్ద అద్దం ఉంది, ఎవరో మంగలి దుకాణానికి చేయించుకొని తీసుకుపోనిది.

నా బుర్రలో అప్పుడే దీపం వెలిగింది.

ఆ చేప ఒంటరితనం నన్ను మొదటి రోజు నుంచీ పీడిస్తోంది. ఒంటరి నమాజు కన్నా జమాతుతో, నలుగురితో కలిసి, చేసే నమాజుకు ఎన్నో రెట్లు పుణ్యమని విని పెరిగినదాన్ని. ఇరవై రోజులు ఒక్క ముఖం కూడా చూడకుండా ఒక ప్రాణి ఎట్లా ఉంటుంది? రెండో చేప వెయ్యొద్దంది టీచరమ్మ. సరే, వెయ్యను. అద్దం చేప కాదు కదా! మాట తప్పినట్టూ కాదు, తోడూ దొరుకుతుంది. "అజీ, వెనక ఆ అద్దం పెట్టుండ్రి," అన్నాను. ఆయనకూ గాజు ఖర్చు తప్పింది. ఇద్దరం అల్లాహ్‌కు షుక్ర్ చెప్పుకున్నాం.

అతుకుల జిగురు ఆరడానికి మూడు రోజులు ఆగాం. నీళ్లు ఒకరోజు బిందెల్లో నిలవబెట్టాం. పైన ఫ్రేము గాజు మూత వేసి, గాలికి సందు వదిలాం. బిస్మిల్లా అని చేపను వదిలాను.

అది రెండు చుట్లు తిరిగి అద్దం ముందు ఆగింది. మరుక్షణం మొప్పలు విప్పారాయి, రెక్కలన్నీ విసనకర్రలా తెరుచుకున్నాయి, ఒళ్లంతా వణికింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"చూసిన్రా, తోడు దొరికితే ఎంత సంతోషమో! సలాం చేస్తున్నది," అని అక్కడికక్కడే జమాతు గొప్పతనం మీద పావుగంట చెప్పాను. ఆ రోజు నా గొంతు కూడా బాగా పలికింది.

అత్తమ్మ మంచం మీంచే అంది: "అది సలాం కాదు దుల్హన్, కయ్యం. మీ మామ చెల్లె నన్ను చూసినప్పుడల్లా మొహం గట్లనే పెట్టేది."

ఆ మాటను అక్కడే వదిలేశాను. పెద్దవాళ్లకు పాత కక్షలు ఉంటాయనుకున్నాను.

తొట్టిలో వదిలిన మూడో రోజుకు చేప మేత ముట్టడం మానేసింది. నాలుగో రోజు దాని తోక అంచు చిరిగి ఉంది. అద్దం ముందు తన్నుకోవడం, అడుగున పడి రొప్పడం, మళ్లీ లేచి తన్నుకోవడం. ఆ నీలం రంగు బూడిదలో కలిసినట్టయింది. నాకు అన్నం సయించలేదు. టీచరమ్మ ఫోన్ కలవలేదు. తొట్టిలో వేసిన నాలుగు రోజులకే ఇట్లయిందని రాసి ఫొటో పంపి, జానమాజు చాప పరిచి రెండు రకాతుల నమాజు చదివి, "యా అల్లాహ్, అమానతు నీది, పరువు నాది" అని ఏడ్చాను.

సందెవేళ ఫోన్ మోగింది. గుట్టెక్కినట్టుంది, ఆమె ఆయాసపడుతోంది. "అక్కా, ఫొటో చూసిన. గని చేప వెనక నీ చెవిదుద్దులెందుకు కనబడుతున్నయ్?"

నా చెయ్యి దుద్దుల మీదికి పోయింది.

"వెనక అద్దమా?"

"నువ్వు ఇంకో చేప వెయ్యొద్దన్నవు చెల్లె. నేను వెయ్యలే."

"అయ్యో అక్కా! దానికి అద్దంల కనబడేది శత్రువే. నాలుగు రోజుల సంది తిండి లేకుండ, నిద్ర లేకుండ దాన్ని కుస్తీకి నిలబెట్టినవు! అది ఒంటరిగ ఉంటేనే హాయిగ ఉంటది. మీ రంజాన్‌ల మసీదు మూలకు పరదా కట్టుకొని మీ సార్ పది రోజులు కూసోలే? నువ్వే చెప్పినవు కదా, గట్లనుకో."

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. ఏతెకాఫు. జమాతులో ఉంటూనే మనిషి పరదా వెనక ఒక్కడే తన యజమానితో కూర్చునే ఆరాధన. అది నాకు టీచరమ్మ గుర్తుచేయాల్సి వచ్చింది, అదీ అడవిలోంచి.

తొట్టి ఖాళీ చేయాలి. అంతవరకు చేప ఎక్కడ? అత్తమ్మ మంచం కింద నుంచి బిర్యానీ డేగిసాను కర్రతో బయటికి నెట్టింది, అంతే. నాలుగుసార్లు కడిగి, నిలవ నీళ్లు పోసి, పహిల్వాన్‌ను అందులోకి మార్చాను.

మా ఆయన బ్లేడు పట్టుకొని అద్దం వీపున ఉన్న రంగు, దాని కింది పూత గీకడం మొదలుపెట్టాడు. "నా బతుకంత గాజుకు ఫ్రేము కట్టిన గని, అద్దాన్ని మల్ల గాజు చేసుడు ఇదే మొదలు," అని గొణిగాడు. గోడ తేటపడ్డాక బాగా కడిగి, దాని వెనక తన ఏతెకాఫు తెల్లపరదా ముక్కను తానే వేలాడదీశాడు. నేను మనీప్లాంటు తీగ ఒకటి నీళ్లలోకి వదిలాను, నీడ కోసం.

చేప ఆ తీగ వేళ్ల కింద దూరి ఒక రోజంతా కదల్లేదు. మర్నాడు ఒక్క గింజ తిన్నది. ఆ మర్నాడు మూడు. ఈసారి నేను పిల్లలకు ఏ పాఠమూ చెప్పలేదు. "చప్పుడు చెయ్యకుండ్రి," అన్నాను, అంతే.

టీచరమ్మ వెళ్లిన పద్దెనిమిదో రోజు పొద్దున నీళ్ల మీద మూలకు తెల్లటి నురగ కనిపించింది. "అత్తమ్మా, సబ్బు చేతులు ముంచిన్రా?"

"నేనెందుకు ముంచుత? నీ శిష్యురాండ్లను అడుగు."

పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి చేతులు వాసన చూశాను. ఒక్కరూ ఒప్పుకోలేదు. నురగను గరిటెతో తీసేశాను. తెల్లారేసరికి మళ్లీ వచ్చింది. మళ్లీ తీసేశాను.

ఇరవయ్యో రోజు టీచరమ్మ వచ్చింది. బ్యాగు దించకుండానే తొట్టి ముందు వంగింది. నేను పక్కనే తప్పు చేసిన పిల్లలా నిలబడ్డాను. మూలన నురగ మూడోసారి తేలుతోంది.

ఆమె కళ్లు తడిశాయి. "అక్కా, ఇది సబ్బు నురగ కాదు. మగ ఫైటర్ నోటితో కట్టే గూడు. చోటు నచ్చి, మనసు కుదుటపడితే కడ్తది. నా దగ్గర ఆ సీసాల ఒక్కసారి కూడ కట్టలే."

"మరి దుల్హన్ దాని ఇల్లు రెండుసార్లు కూలగొట్టింది," అని అత్తమ్మ వెంటనే చాడీ చెప్పింది.

ఆ సాయంత్రం సగం నీళ్లు తోడి, మా ఆయనా టీచరమ్మా తొట్టిని పైకి మోశారు. అమానతు చేరవలసిన చోటికి చేరింది, తోక అంచున ఒక చిన్న చిరుగుతో. ఆ చిరుగును నేను దాచలేదు, ఆమెకు చూపించి మాఫీ అడిగాను. ఇప్పుడు మోకాళ్ల నొప్పులున్న మా అత్తమ్మ రోజూ మధ్యాహ్నం పద్దెనిమిది మెట్లెక్కి పహిల్వాన్‌ను చూసి వస్తుంది. దవాఖానాకు మాత్రం ఆటో కావాలంటుంది.

ఇంత దూరం చదివిన మీరు చేతులెత్తి నాతో ఒక్క మాట కలపండి. యా అల్లాహ్, ప్రతి ప్రాణికీ దానికి తగిన ఇంటిని ఇవ్వు. మా చేతికి వచ్చిన అమానతులను మా తెలివితేటల నుంచి కాపాడు. మా అత్తమ్మ మోకాళ్లకు బలమివ్వు, నాలుకకు కొంచెం విశ్రాంతినివ్వు. ఆమీన్ అనండి. గట్టిగా అనకండి, పైన పహిల్వాన్ గూడు కట్టుకుంటున్నాడు.