మనోడని తెరవని ప్యాకేజీ

సిరిసిల్లలో కంప్యూటర్ సెంటర్ నడిపే చంద్రమౌళి సార్ అంటే నాకు ఒకప్పుడు హడల్. అక్కడ నేను టైపు నేర్పేదాన్ని. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఆయన జీతం లేని ఇంకో పని ముందేసుకునేవాడు. ఉచిత ప్రోగ్రాములన్నీ పోగుచేసి పెట్టే రిపాజిటరీ ఒకటుంది, ఎవరైనా అందులోంచి తీసుకుని వాడుకోవచ్చు. కొత్త ప్రోగ్రాము, వాళ్ళ మాటల్లో ప్యాకేజీ, అందులో చేరాలంటే ముందు ఎవరో ఒకరు దాన్ని నడిపి, వరుస వరుసా చదివి ‘చూశాను, చేర్చవచ్చు’ అని రాయాలి. తెలుగువాళ్ళు పంపినవి చూసేది ఈయనే. అబ్బో, ఎంత చాదస్తమో! బెంగళూరులో ఉండే తెలుగాయనెవరో పంపినదాన్ని నెలల తరబడి తిప్పి పంపాడు.

అలాంటి మనిషి తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో మెత్తబడ్డాడు. బస్సుల్లేవు, బడుల్లేవు, రోడ్డు మీదే వంటావార్పు. కోరుట్ల నుంచి బండి మీద వచ్చిన వేణు అనే కుర్రాడు, ఈయనా ఒకే పొయ్యి దగ్గర పప్పు కలిపారు, ఒకే ఇస్తరాకులో తిన్నారు. సమ్మె ముగిశాక వేణు తన మొదటి ప్యాకేజీ పంపాడు. చీర అంచులకు డిజైన్లు గీసేది.

“తెరిచి చూడటం లేదేం సార్?” అన్నాను.

“ఒక్క ఇస్తారిల తిన్నోల్లం. వేణు చేసినదాంట్ల తప్పులు దేవులాడితే మంచిగుంటదా? మనోడే” అని, తెరవకుండానే ‘చూశాను, చేర్చవచ్చు’ అని టైపు కొట్టేశాడు. నాకు ఒళ్ళు మండింది.

మా వీధి రాజమణి అక్క, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద నేసే చీరలకు అంచు డిజైన్లు గీసి ఇస్తుంది. ఇల్లు గడిచేది దానితోనే. ఆమె సెంటర్‌కి వచ్చి, వేణు ప్యాకేజీ గురించి సార్‌ని అడిగింది.

“తమ్మీ, గిది పెట్టుకోవచ్చా? నా డిజైన్లన్ని దీంట్లకే ఎక్కిద్దామనుకుంటున్న.”

“బేఫికర్‌గ పెట్టుకో అక్కా. నేను చూసిన గద!”

ఎంత ధీమాగా అన్నాడో! కొన్నాళ్ళకు ఆమె కంప్యూటర్‌లో చోటు నిండిపోయింది. చోటు నిండితే అక్కర్లేని ఫైళ్ళు చెరిపెయ్యమని ఆ ప్యాకేజీలో వేణు రాసిన వరుస ఒకటుంది. అది డిజైన్ల ఫోల్డర్ మొత్తాన్ని చెరిపేసింది. చంద్రమౌళి సార్ ఆ ప్యాకేజీని మొదటిసారి తెరిచింది ఆ రోజే. చాయ్ చల్లారకముందే ఆ వరుస కంట పడింది. ఆయన మొహం నల్లబడిపోయింది. పోయినవాటిని వెనక్కి తెప్పించాలని ఎన్ని తంటాలు పడ్డా ఒక్కటీ రాలేదు.

సంగతి తెలిసి వేణు ఉరుక్కుంటూ వచ్చాడు. రాజమణి అక్క ముందు ఏడుస్తూ నిలబడ్డాడు.

“తప్పు నాదే అక్కా. నాకు గిదే మొదటిది. తప్పుంటే అన్న పట్టుకుంటడు, తిప్పి పంపుతడు అనే ధైర్నంతోటి పంపిన.”

చంద్రమౌళి సార్ బల్ల అంచు గీకుతూ కూచున్నాడు. నోరు మెదపకపోతే నింద వేణు నెత్తినే పడుతుంది. ఛీ, ఇంతేనా ఈ మనిషి అనుకున్నాను. అప్పుడు లేచాడు.

“వాన్ని అనకు అక్కా. నేను చూడలే.”

“చూసిన అన్నవ్ గద?”

“తెరువనే లేదు. వేణు మనోడు గదా అని...”

రాజమణి అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“మరి నేనెవలదాన్ని తమ్మీ?” అంది.