ముడి లోపలి వైపు

ముందు వినిపించేది ఆ చప్పుడే. టింగ్. కాసేపాగి మళ్లీ టింగ్. ఆ తర్వాత ఒక మొద్దు చప్పుడు, పగిలిన కుండను వేలితో తట్టినట్టు. వెంటనే రాయి పక్కకు పడిన గలగల. మార్కాపురం నుంచి పుల్లలచెరువు పోయే బాటలో పలకల గని వైపు నడిచేవాళ్లకు మనిషి కనిపించకముందే ఈ చప్పుడు ఎదురొచ్చేది. మధ్యాహ్నాలలో ఎండే ఎక్కడో సన్నగా మోగుతోందనిపించేది.

దగ్గరికి వెళ్తే నల్లరాతి బిళ్లల గుట్ట. గుట్ట వెనక, నెత్తిన తడిగుడ్డ వేసుకుని ఎలీషబవ్వ.

గనిలో మగవాళ్లు చీల్చి తెచ్చిన రాతి రేకులను ఆమె ఒక్కొక్కటిగా ఎడమచేతి వేళ్ల మీద నిలబెట్టి, కుడిచేతిలోని ఇనుప మేకుతో తట్టేది. మోగితే మంచి రాయి, ఏదో ఒక బడిలో ఒక పిల్లవాడి పలక అవుతుంది. మూగబోతే లోపల ఎక్కడో కంటికి కనపడని పగులు ఉన్నట్టు. ఆ రాళ్లను కూడా ఆమె విసిరికొట్టేది కాదు, పక్కన పెట్టేది.

గని పక్క పల్లెలో మిషను బడికి నేను పంతుల్ని. ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలో, జిల్లా మద్రాసు దొరతనంలో ఉన్న కాలం. పల్లెలో అందరూ ఆమెను అవ్వా, అత్తా అని పిలిచేవారు. ఆమె గురించి రెండు సంగతులు చుట్టుపక్కల ఊళ్లకు కూడా తెలుసు. ఒకటి, ఎంత బిగిసిన ముడినైనా ఆమె విప్పుతుంది. చిక్కుపడిన దారాలు, బావిలో నాని గట్టిపడిన చేంతాళ్లు, పిల్లల మొలతాళ్లు అన్నీ ఆమె ఒళ్లోకే వచ్చేవి. రెండోది, ఆమె గుడిసె తలుపుకు బయట గొళ్లెం లేదు. లోపల ఒక కర్ర గడియ, అంతే. పొరుగూరు పోయినా తలుపు దగ్గరికి వేసి పోయేది.

"మా అత్త తలుపుకూ గొళ్లెం లేదు, నోటికీ లేదు" అనేది పక్కింటి జ్ఞానమ్మ.

"నోటికి పెట్టే గొళ్లెం నీకే ముందు కావాల. కమ్మరోనికి చెప్పినాలే, ఆగు" అనేది అవ్వ.

ఒకసారి ఒక పిల్లవాడు వేళాకోళానికి బడి తలుపు బయటినుంచి గొళ్లెం పెట్టాడు. లోపల మేమంతా నవ్వుతున్నాం. తలుపు తియ్యమన్న మా కేక విని అవ్వ గని దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. గొళ్లెం తీసి గడపలో నిలబడిన ఆమె ముఖం చూసి మా నవ్వులు అక్కడికక్కడే ఆగిపోయాయి. ఎవరినీ తిట్టలేదు. ఆ గొళ్లెం పీకి తీసుకుపోయింది.

ఒక ఏడు వేసవి వెళ్లిపోయినా వాన జాడ లేదు. గుండ్లకమ్మ ఇసుకలో తవ్విన చెలమల నీళ్లు పాతబడిన తేనె రంగుకు తిరిగాయి. నల్లమల మీద మబ్బు పుట్టేది, చూస్తూ ఉండగానే ఎవరో తుడిచేసినట్టు పోయేది. వాంతిభేదులు మా పల్లెలోనే మొదలయ్యాయి.

హెల్తు ఇన్‌స్పెక్టరు ఆంజనేయులు సైకిలు మీద వచ్చాడు. బాపట్ల వైపు మనిషి, కుర్రవాడు, మాట మెత్తన. అతని వెనక ఊరి రైతు రంగయ్య రెండు బండ్ల తుమ్మకంప తోలించుకొచ్చాడు. పల్లె జనం బడి ముందు చేరారు.

"పల్లె చుట్టూ కంప కొట్టించండి సారూ" అన్నాడు రంగయ్య. "తలుపు కట్టి ముడి బయట ఎయ్యండి. ఊళ్లో పిల్లాజెల్లా ఉండారు."

ఆంజనేయులు మా వైపు తిరిగాడు. "కంప తప్పదు. రోగం తగ్గేదాకా ఎవరూ దాటకూడదు. నీళ్లు, జొన్నలు, మందు మేమే చేరుస్తాం. ఇప్పుడు అందరికీ సూది వేస్తాను."

సూది వేస్తే ప్రాణం పోతుందని అప్పటికే ఒక పుకారు పల్లెంతా తిరిగి వచ్చి కూర్చుని ఉంది. మగవాళ్లు ఒక్కొక్కరే గోడ చాటుకు జరిగారు. అవ్వ రవిక చెయ్యి పైకి మడుచుకుంటూ ముందుకొచ్చింది.

"ముందు నాకు పొడువు నాయనా. లోపల రగతం మిగిలిందో లేదో అదీ చూసి చెప్పు."

సూది దిగింది. అవ్వ గోడ వైపు చూసింది. "చీమ కుట్టినంత లేదు. దీనికేనా అబ్బయ్యలంతా గోడకు సున్నం కొట్టినట్టు అతుక్కున్నారు?"

జనం నవ్వారు. వరస కట్టారు. ఆంజనేయులు ముఖంలో బరువు దిగింది. అప్పుడు అవ్వ మళ్లీ మాట్లాడింది.

"కంప కూడా ఎయ్యి. నేను అడ్డం చెప్పను. ముడి మాత్రం లోపలి వైపు ఉండాల."

"లోపల ఉంటే కంప ఎందుకవ్వా? ఎవరికి వాళ్లు విప్పుకుని పోతారు."

"మేకల దొడ్డికి ముడి బయట ఉంటది. మేకకు చెప్తే తెలియదు గనక. మనుషులుండే ఇంటికి గడియ లోపలుంటది. నువ్వు కట్టేది దొడ్డా, ఇల్లా? అది చెప్పు."

"చాల్లేయే" అన్నాడు రంగయ్య. "సారు కొత్త. నీ కరువు పురాణం ఇప్పుడెత్తొద్దు."

"ఎత్తుతా సామీ. రోగం మళ్లీ వచ్చింది, కంప మళ్లీ వచ్చింది. ఆ కరువు కొట్టాల్లో ఉన్నోళ్లలో నేనొక్కదాన్నే మిగిలినా. నేనెత్తకపోతే ఇంకెవరెత్తుతారు?"

ఆమె గొంతు పెంచలేదు. రాయి తట్టేటప్పుడు చెవి ఒగ్గినట్టే కొంచెం తల వంచి చెప్పింది.

"అప్పటికి మిషనులో కలవలా, నా పేరు కొండమ్మ. పాలపళ్లు ఊడతా ఉండాయి. ధాతు కరువులో మా నాయన మమ్మల్ని చెరువుకట్ట పనికి తీసకపోయినాడు, మట్టి మోస్తే గంజి పోస్తారని. అందర్నీ కొట్టాల్లో పెట్టినారు, చుట్టూ కంప. వాంతులూ భేదులూ తగులుకున్నాయి. రోగం బయటికి పోకూడదని తలుపు మూసి ముడి బయట ఏసినారు. కాపలా ఉన్నోళ్లకు భయం పుట్టి, వాళ్లు లేచి ఎల్లిపోయినారు. ముడి అట్లనే ఉండిపోయింది.

"నీళ్లో అంటే పలికేవాడు లేడు. మా అమ్మ కంప మొదలు చేతుల్తో పీకి, ఆ సందులోంచి నన్ను బయటికి తోసింది. ముడి నా చేతికి అందింది నాయనా. మంచుకు తడిసి ఎండకు బిగిసిన తాడు. లోపల్నుంచి మా నాయన చెప్తానే ఉన్నాడు, కింద పోగు లాగు తల్లీ, పైది కాదు, కిందది అని. నేను పైదే లాగినా. గోళ్లు ఊడినాయి, ముడి ఇంకా బిగిసింది. మనుషుల కోసం పరిగెత్తినా. వాళ్లను తీసకొచ్చేసరికి లోపల పలికేవాళ్లు లేరు.

"మా నాయన ఓబులేసు. మా అమ్మ యల్లమ్మ. తమ్మునికి ఇంకా పేరు పెట్టలా."

కంప బండి ఎద్దు ఒకటి తల విదిలించింది. దాని మెడలో గంట ఒక్కసారి మోగి ఆగింది. కరువు మాట అంతకుముందూ విన్నాం, ఈ ముడి మాట ఎన్నడూ వినలేదు. ఊళ్ల ఆడవాళ్ల చిక్కుదారాలను ఆమె ఏళ్ల తరబడి అంత ఓపికగా ఎందుకు విప్పిందో ఆ పొద్దు మాకు తెలిసింది.

ఆంజనేయులు సూదుల పెట్టె మూశాడు. "పై అధికారికి ఏం చెప్పమంటావు?"

"కంప ఏసినానని చెప్పు. అబద్ధం కాదు గదా."

అతనికి నవ్వాగలేదు. వెంటనే ముఖం గట్టిపరుచుకున్నాడు. "సరే. కానీ ఒక్కరు దాటినా ముడి బయటికి వస్తుంది. అప్పుడు నన్నేమీ అనకూడదు."

"ఒక్కరు దాటినా తాడు నేనే తెచ్చి నీ చేతికిస్తా."

అలా కంప లేచింది. దాని తలుపుకు నార తాడు లోపలి వైపు కట్టారు. అవ్వ అక్కడే చాప వేసుకుంది. ఆమె గని గుట్టలోంచి ముందే ఏరి తెచ్చుకున్న, మోగే రాతి ముక్క ఒక్కొక్కటి ఒక్కో గుడిసె చూరుకు వేలాడింది.

"తెల్లారగానే బాగున్నోళ్లు తట్టండి" అని చెప్పింది. "చప్పుడు రాని ఇంటికి మనమే నీళ్లు కాచుకుని పోదాం. దాచిపెట్టుకుని ఎవరూ చావొద్దు."

అప్పటినుంచి మా పొద్దులు ఆ రాళ్లతోనే పుట్టేవి. తూర్పు వరసలో ఒకటి, దానికి జవాబుగా మరొకటి, చీకటిని చుక్కచుక్కగా కరిగిస్తూ పడమటి చివర సుందరరాజు గుడిసెదాకా. సుందరరాజు అవ్వ కొడుకు. అతని భార్య యేసుమణి తొలి కాన్పుకు కురిచేడు పుట్టింట్లో ఉంది.

చావు రాలేదని చెప్పను. ఒక పొద్దు, గనిలో రేకులు చీల్చే సామ్యేలు ఇంటి రాయి మోగలేదు. సుందరరాజే వెళ్లి ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగించాడు. ఆంజనేయులు మందు తెచ్చాడు. అయినా నిలవలేదు. కంప లోపలే పాతిపెట్టాక అవ్వ అందరినీ కంప తలుపు దగ్గర నిలబెట్టి, అవతలి బాటకు వినపడేలా సామ్యేలు పేరు గట్టిగా పలికించింది. బాటలో నీళ్ల బండి తోలుతున్న రంగయ్య ఎద్దుల్ని ఆపాడు. తలగుడ్డ తీశాడు. మరుసటి పూట నుంచి చెరువు నీళ్లకు బదులు తన చేని బావి నీళ్లు పంపాడు.

కురిచేడు కబురు ఆ బండితోనే వచ్చింది. యేసుమణికి నొప్పులు మొదలయ్యాయి, కాన్పు కష్టంగా ఉంది.

తెలతెలవారుతుండగా సుందరరాజు తలుపు దగ్గరికి వచ్చాడు. నేను నీళ్ల తొట్టి దగ్గర ఉన్నాను.

"అమ్మా, పోవాల."

"ఊ."

"నన్ను ఆపవా?"

"ఆపేదాన్నయితే ముడి బయటే ఏయించుకునేదాన్ని గదరా."

"నువ్వు ఇట్లంటే నేనెట్ల పోయేది?"

"అది నాకు తెల్దు. సామ్యేలును ఒళ్లో పెట్టుకున్న చేతులవి. ఆ చేతుల్తోనే రేపు బిడ్డను ఎత్తుకుంటావు. నాకు తెలిసింది అంతవరకే. ఆపై నీ ఇష్టం."

అతను వంగాడు. చిన్నప్పుడు ఆమె నేర్పినట్టే కింద పోగు లాగాడు. ముడి పువ్వులా విడిపోయింది. బాట మీద అతని వెన్ను చిన్నదవుతూ పోయింది. అవ్వ తాడు మళ్లీ కట్టలేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

రాళ్లు మొదలయ్యాయి. తూర్పు వరస, నడిమి వరస. పడమటి చివరకు వచ్చేసరికి ఖాళీ. ఆ ఖాళీలో ఒక పిట్ట అరిచింది, అంతే.

జ్ఞానమ్మ చప్పున వచ్చి చెవిలో అంది. "అత్తా, నేను పోయి తట్టేసి వస్తా. ఎవురికీ తెలియదు."

"తట్టొద్దు. లేనోని రాయి మోగకూడదు."

సైకిలు గంట వినిపించింది. ఆంజనేయులు దిగాడు. "అంతా క్షేమమేనా అవ్వా? ఎవరూ దాటలేదు కదా?"

పల్లె మొత్తం ఆమె ముఖం వైపు చూసింది. ఒక్క అబద్ధంతో ఆ ముడి ఎప్పటికీ లోపలే ఉండేది. ఆమె మోకాళ్ల మీద చేతులానించి లేచింది. విప్పిన తాడు అతని ముందు చాపింది.

"దాటినారు. నా కొడుకే. మాటంటే మాట. బయట కట్టుకో నాయనా."

ఆంజనేయులు తాడు పట్టుకున్నాడు కానీ కట్టలేదు. ఎటు చూడాలో తెలియక బాట వైపు చూశాడు.

బాట మీద సుందరరాజు వస్తున్నాడు. బాటకు అడ్డంగా పోయే ఎండు వాగు, ఆ వంక దాకా వెళ్లాడట. కాళ్ల నిండా దుమ్ము.

"ఎక్కడికి?" అన్నాడు ఆంజనేయులు.

"లోపలికి." అతను తల్లి వైపు చూడలేదు. "వంక దగ్గర రాళ్లు వినపడినాయి సారూ. నాది తప్ప అన్నీ మోగినాయి. కాలు ముందుకు పడలా."

ఆంజనేయులు తాడు అతని చేతిలో పెట్టాడు. "నువ్వే కట్టు. లోపలినుంచి." సైకిలు తిప్పుకుంటూ అన్నాడు, "ఈ పూట రైలుకు నేను కురిచేడు వెళ్లాల్సిన పనుంది. మీ వాళ్లకు ఏం చెప్పమంటావు?"

ఆ పని నిజంగా ఉందో లేదో మాకు తెలియదు. మర్నాడు కంప అవతలినుంచే కేకేశాడు, ఆడపిల్ల, తల్లీ బిడ్డా బాగున్నారని. సుందరరాజు పరుగెత్తి తన గుడిసె చూరు రాయి తట్టాడు. ఆగకుండా తట్టాడు. అది పగిలి రెండు ముక్కలయ్యేదాకా తట్టాడు.

"మంచి రాయిరా అది" అని తిట్టింది అవ్వ. కళ్లు తుడుచుకుంది.

వానలు పడ్డాయి, రోగం పోయింది. కంప పొయ్యిల కిందికి పోయింది. ప్రతి ఏటా ఆ రోజుల్లో ఒక సాయంత్రం పల్లె పిల్లలు ఓబులేసు, యల్లమ్మ, సామ్యేలు పేర్లు పలకడం మిగిలింది. పేరు పెట్టని పిల్లవాడి వంతు వచ్చినప్పుడు మాటలేవీ లేకుండా ఒక రాయిని తడతారు.

నన్ను గిద్దలూరు బడికి మార్చినప్పుడు చెప్పి రావడానికి వెళ్లాను. అవ్వ మంచం పట్టి ఉంది. చెయ్యి ఎత్తడానికి కూడా ఓపిక లేదు. మనవరాలు గడప బయట రాళ్లు తట్టుకుంటూ ఆడుతోంది.

"ఆ రెండోది పగిలింది, పక్కన పెట్టే" అని మంచంలోంచే చెప్పింది. తర్వాత నన్ను చూసింది. "గిద్దలూరులో నీళ్లు బాగుంటాయంట?"

"బాగుంటాయి అవ్వా."

"అయితే సరే."

లేచాను. గడపలోంచి పడుతున్న పడమటెండ ఆమె కళ్ల మీదికి జరిగింది.

"తలుపు దగ్గరికేసి పో నాయనా. గడియ నేను లేచి ఏసుకుంటాలే."