ఐదో భాగం

నవత ఒక పాత పుస్తకాన్ని జిరాక్స్ మిషను మీద పెట్టి, "దీంట్ల ఆ పిల్లగాడు లేడు కాకా" అన్నది.

సదానందం ఎవరివో ఆధార్ కార్డులు లామినేషన్ చేస్తున్నాడు. వేడి వేడి కార్డును పక్కన పెట్టి పుస్తకం అందుకున్నాడు. అట్ట ఉంది, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అన్నీ ఉన్నాయి. పదిహేనేళ్లుగా తన దగ్గర ముక్కలుగా ఉన్న పడవాయన నవల ఇదే. కరీంనగర్‌లో పాత పుస్తకాలమ్మే చోట నవత చేతికి తగిలిందట. నాలుగు వాక్యాలు చదవగానే గుర్తుపట్టి కొన్నదట.

"ఏ పిల్లగాడు?"

"మాటలు రానోడు. నువ్వు చెప్పిన ఐదో భాగంల ఉన్నోడు. పడవాయనకు అసలు కొడుకే లేడు. ఇద్దరు ఆడబిడ్డలు. ఇద్దరూ మస్తు మాట్లాడుతరు."

"సక్కగ చూసినవా?"

"రెండు సార్లు చదివిన."

నవత కాళ్ల దగ్గర ఆమె కూతురు కావ్య కూర్చుని కత్తిరించి పడేసిన కాగితం ముక్కలు ఏరుకుంటోంది. రెండున్నరేళ్లు నిండాయి. ఇంతవరకూ ఆ పిల్ల నోట ఒక్క మాట రాలేదు. సదానందానికి అప్పుడు అర్థమైంది, నవత వచ్చింది పుస్తకం సంగతి తేల్చుకోవడానికి కాదని.

చొప్పదండిలో ఈ దుకాణం పెట్టకముందు ఆయన పదకొండేళ్లు మస్కట్‌లో పనిచేశాడు. క్యాంపులో ఒక గదికి పదిమంది. ఎవరో ఖాళీ చేసి పోతూ మంచం కింద వదిలేసిన నవల ఒకటి దొరికింది. అట్ట లేదు, పేరు లేదు. పదిమందికీ ఒకేసారి కావాలి. రెండు రోజులు కొట్లాట చూసి, సదానందం కుట్టు దారం కోసి దాన్ని ఎనిమిది భాగాలు చేశాడు. ఒక్కో భాగాన్ని గోనెసంచి దారంతో విడిగా కుట్టాడు. మూడో భాగం చదివినవాడు రెండో భాగంలో ఉన్నవాణ్ని ఉడికించేవాడు. అందరికంటే ముందు పరుగెత్తేది కాగజ్‌నగర్ పౌలు. ఐదో భాగం అతని దగ్గరికి పోయింది, మళ్లీ రాలేదు. బట్టలు పిండుతుంటే డ్రమ్ములో పడి నానిపోయిందన్నాడు. తక్కినవాళ్లంతా మీద పడబోయేసరికి, "చదివిన కదా, నేను చెప్త" అని గదిలో అందరినీ కూర్చోబెట్టుకుని చెప్పాడు.

పడవాయనకు ఒక కొడుకు. ఐదేళ్లొచ్చినా మాట లేదు. ఊరంతా మూగోడు అంటుంది. పడవాయన ఎవరితోనూ వాదించడు. రోజూ కొడుకును పడవ ఎక్కించుకుని, వాడు జవాబు చెప్పినట్టే ముచ్చట్లు పెడతాడు. ఒక పొద్దున ఏటి నడుమ పిల్లవాడు తల పైకెత్తి, "బాపూ, గాలి మర్లింది" అంటాడు.

అది విని గదిలో ముగ్గురు అటు తిరిగి ముఖాలు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఎన్నో శుక్రవారాలు మళ్లీ చెప్పించుకున్నారు.

సదానందం మిగిలిన ఏడు భాగాలనూ పెట్టెలో పెట్టుకుని ఊరికి తెచ్చుకున్నాడు. ఇప్పుడు దుకాణంలో అరవై దాకా పుస్తకాలున్నాయి. జిరాక్స్ కోసం వచ్చినవాళ్లలో ఎవరి చూపు అటు పోతే వాళ్లను, "ఏం చదువుతవు?" అని అడుగుతాడు. తక్కినవన్నీ మనిషిని చూసి ఇస్తాడు గాని పడవాయన కథ మాత్రం అందరికీ ఇస్తాడు. దానికి ఒక పద్ధతి ఉంది. నాలుగో భాగం తెచ్చిచ్చినవాళ్లు స్టూలు మీద కూర్చోవాలి. ఆయన ఐదో భాగం నోటితో చెప్తాడు. ఆ తర్వాతే ఆరోది చేతికొస్తుంది. అలా ఇప్పటికి నలభైమంది దాకా విన్నారు.

నవత విన్నది నాలుగు నెలల కింద. ప్రైవేటు స్కూల్లో కెమిస్ట్రీ చెప్తుంది. భర్త దోహాలో ఉంటాడు. పాపకు చెవుల పరీక్ష చేయించమని డాక్టరు రాసిచ్చిన కాగితం ఆ రోజు తన సంచిలో ఉందని ఇప్పుడు చెప్పింది.

"ఆ కాగితం ఏం చేసినవ్ బిడ్డా?" అని సదానందం మెల్లగా అడిగాడు.

"దాసిపెట్టిన. మా అత్త గూడ, మా ఇంట్ల అందరికి మాటలు ఆలస్యమే అన్నది. నువ్వు చెప్పింది విన్నంక పానం నిమ్మలమైంది. ఆగుదమనుకున్న." ఆమె వంగి కావ్య నోటి దగ్గరి కాగితం ముక్క తీసేసింది. "ఎమ్మెస్సీ చదివిన కాకా. ల్యాబుల చూడకుండ రాయొద్దని రోజూ పిల్లలకు చెప్త. గసుంటిదాన్ని నేనే చూడకుండ కూసున్న."

పుస్తకమంటే మందు కాదు కదా, ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకుంటారు అని సదానందం ఇన్నాళ్లూ అనుకున్నాడు. తాను చదవని పేజీలను చదివినట్టే చెప్తున్నానన్న సంగతి ఆయనకు ఎప్పుడూ తట్టలేదు. ఫోన్ తీసి పౌలుకు కలిపాడు. నవతకు వినిపించేలా స్పీకర్ పెట్టాడు.

"ఏం అన్నా, శానా దినాలకు యాదికొచ్చిన" అన్నాడు పౌలు.

"పౌలూ, ఐదో భాగంల పిల్లగాడు ఎవడు?"

"పుస్తకం దొరికిందా?"

"దొరికింది."

"నేను దాన్ని చదవనే లేదన్నా. బస్సుల మర్చిపోయిన. మీరందరు ఎదురుచూస్తుండ్రి. ఏం చెప్పాల్నో తెల్వక మా జేమ్స్ ముచ్చట చెప్పిన. వాడే ఆ పిల్లగాడు."

నవత ఫోను మీదికి వంగింది. "వాడు ఐదేండ్లకు మాట్లాడింది నిజమేనా?"

"ఎవలు అమ్మా? నిజమే. మిషను పెట్టినంక మాట్లాడిండు."

"ఏం మిషను?" అన్నాడు సదానందం.

"చెవి మిషను. వానికి వినరాదు. మూడేండ్లు నిండకముందే పెడితే ఇంకా సాఫ్‌గా మాట్లాడుతుండె అని డాక్టరు అన్నడు. క్యాంపుల అది చెప్పుకోబుద్ధి గాలే. చెవిటోని తండ్రి అని ఎక్కిరిస్తరని మిషను తీసేసి చెప్పిన."

సదానందం జరిగింది చెప్పాడు. పౌలు అంతా విన్నాడు. "ఇగ ఎవలకు చెప్పినా మిషనుతోని చెప్పు అన్నా. జేమ్స్ పేరు పెట్టే చెప్పు" అన్నాడు.

మరునాడు పొద్దున్నే నవతతో కరీంనగర్ పోవడానికి సదానందం దుకాణానికి తాళం వేయబోతుంటే భార్య ఐలవ్వ, "పుస్తకాలిచ్చుడు అయింది, కథలు చెప్పుడు అయింది, ఇగ దవాఖానలు తిప్పుడు మొదలువెట్టినవా?" అన్నది. అంటూనే పిల్లకు తాగించమని పాల సీసా సంచిలో పెట్టింది.

కరీంనగర్ దవాఖానలో పిల్ల నిద్రపోతేనే పరీక్ష. మందు తాగించినా కావ్య గంటసేపు పడుకోలేదు. సదానందం భుజాన వేసుకుని వరండాలో తిప్పాడు. నిద్రపోయాక తలకు తీగలు అంటించారు. తెర మీద గీతలు వస్తుంటే నవత ఒక్కోదాన్నీ చూస్తూ నిలబడింది. ఏ గీత ఎక్కడ లేవాలో ఆమె ముందే చదువుకుని వచ్చింది. లేవాల్సిన చోట లేవలేదు.

"రెండు చెవుల్లోనూ సగానికి పైగా వినికిడి లేదు" అన్నది డాక్టరమ్మ. "మిషన్లు పెట్టాలి, మాటలు నేర్పే శిక్షణ ఇప్పించాలి. మూడేళ్లు నిండకముందే వచ్చారు, బాగా ఫలితం ఉంటుంది."

"నాలుగు నెలలు ముందే రావాల్సింది" అన్నది నవత.

"రావాల్సింది" అన్నది డాక్టరమ్మ. మిషన్ల కోసం చెవుల అచ్చులు తీసి, పది రోజుల్లో రమ్మన్నది.

తిరుగు బస్సులో నవత పాపను ఒళ్లో పడుకోబెట్టుకుంది. బస్సు కరీంనగర్ దాటాక, "నీ మీద కోపం లేదు కాకా" అన్నది.

"ఉంటే ఉండనియ్" అన్నాడు సదానందం.

ఆయన మనసు ఇంకో లెక్కలో ఉంది. స్టూలు మీద కూర్చుని విన్నవాళ్లను ఒక్కొక్కరినే గుర్తు చేసుకుంటున్నాడు. కాలేజీ పిల్లలు, రిటైరైన టీచరు, కరెంటాఫీసు పరశురాములు. వాళ్లకు పోయిందేమీ లేదు. అప్పుడు రమ గుర్తొచ్చింది. ఎండాకాలంలో పాసుబుక్కు జిరాక్సుకు వచ్చి పుస్తకం పట్టుకుపోయిన అమ్మాయి. ఐదో భాగం విని, "మావోడు గూడ గంతే కాకా, పిలిస్తే మర్లి చూడడు" అని నవ్వింది. తానూ నవ్వాడు.

చొప్పదండి రాకముందే, రమ ఊరి స్టేజీ దగ్గర బస్సు ఆపించుకుని దిగాడు.

రమ వాకిట్లో చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతోంది. కొంచెం దూరంలో పిల్లవాడు వీపు ఇటు పెట్టి మట్టిలో ఆడుకుంటున్నాడు.

"పుస్తకం కోసం వచ్చినవా కాకా? ఇంకా ఆరో భాగంలనే ఉన్న."

"ఉండనియ్ బిడ్డా." సదానందం చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు. "ఐదో భాగం నేను తప్పు చెప్పిన. మళ్ల చెప్త, చాట జర పక్కకు పెట్టు. కాగజ్‌నగర్‌ల పౌలు అని నాకు దోస్తు ఉన్నడు. ఆయన కొడుకు పేరు జేమ్స్."