మేడ మీద మగ్గం

నా ఉద్యోగం పేరు మా నాయనకు ఇప్పటికీ నోరు తిరగదు. వార్డు ప్లానింగ్ సెక్రటరీ అని చెప్పలేక, అడిగినవాళ్లకల్లా "మా పాప మున్సిపాలిటీలో ఇండ్లకు గీతలు గీస్తాది" అంటాడు. ఒక విధంగా అది నిజమే. మాది హిందూపురం, పని ధర్మవరంలో. పొద్దున రైల్లో పెనుకొండ కొండను చూస్తూ పోవడం, సాయంత్రం అదే కొండను చూస్తూ రావడం. పెనుకొండ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వచ్చినప్పటి నుంచి కిటికీలో పొలాలు తగ్గి, రంగు రాళ్లు పాతిన ప్లాట్లు పెరిగాయి. అందరూ నిట్టూర్చేవాళ్లు గానీ నాకు మాత్రం సంబరంగా ఉండేది. ఇన్ని ఇండ్లకు గీతలు గీసేవాళ్లలో నేనూ ఒకదాన్నని లోలోపల కాస్త గర్వం కూడా.

ఆ ఏడాది మున్సిపాలిటీ బడ్జెట్‌ను, చుట్టుపక్కల ఊళ్లు ఎటు పెరగాలో చెప్పే ముసాయిదా ప్లాన్‌ను ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు అడగమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మా వార్డుకు అందులో దక్కింది పెద్ద పనే. ఊరి చివర ఖాళీ స్థలంలో, సొంత ఇల్లు లేని చేనేత కుటుంబాలకు మూడంతస్తుల ఇండ్లు. బ్లాకుల బొమ్మ గీసింది నేనే. మధ్యలో పార్కు, ముందర ఒక ఆర్చి, ఇంటింటికీ బాల్కనీ. ఆ బొమ్మను ఫోన్‌లో పెట్టుకుని రైల్లో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా చూపించాను. ఇక మిగిలింది ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపడమేనని అనుకున్నాను.

ఫారాల పని మొదలుపెట్టిన రోజు పొద్దున్నే స్టేషన్ దగ్గర ఉంచుకునే స్కూటీ మీద ఒక సందులోకి మలుపు తిరిగానో లేదో, నలుగురైదుగురు ఒక్కసారిగా అరిచారు.

"మేడమ్, ఆగు! పడుగు ఉండాది!"

సడన్ బ్రేకు వేశాను. నా ముందు చక్రానికి మూరెడు దూరంలో, నడుము ఎత్తున, వీధి పొడవునా పట్టు దారాలు సాగి ఉన్నాయి. చీర నేయడానికి నిలువుగా పరిచే పోగులనే పడుగంటారట. వీధిలో పడుగు సాగదీశారంటే ఇక ఆ వీధి వాళ్లదే. దాన్ని ఎవరూ దాటరు, చెప్పులతో అసలు దాటరు. పిల్లల స్కూలు ఆటో కూడా మారుమాట లేకుండా వెనక్కి తిరిగి వేరే దారిన పోయింది. నేను మాత్రం ముఖం మాడ్చుకుని, గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. ప్రభుత్వ రోడ్డు మీద ఇదేం దౌర్జన్యమని మనసులో తిట్టుకున్నాను కూడా.

పడుగు కొస దగ్గర యాభై దాటిన ఒకావిడ నిలబడి ఉంది. రెండు చేతుల్తో పోగులను విడదీస్తూ, తెగిన వాటిని అతుకుతోంది. ఖాళీగా నిలబడటం ఎందుకని ఆవిడ దగ్గరే ఫారం తీశాను.

"సొంత ఇల్లు ఉందా పెద్దమ్మా?"

"యాడిది పాపా? బాడుగిల్లే. ఇంటాయన పడగొట్టి మేడ కట్టుకుంటాడంట. ఉగాది లోపల ఖాళీ చెయ్యమంటాండాడు."

"ప్రభుత్వం ఇల్లిస్తే కావాలా?"

"కావాలమ్మా. అడగాల్నా ఆ మాట?" పెన్ను చాచితే చేతులు చూపించి నవ్వింది. "నా చెయ్యి ఖాళీ లేదు. నువ్వే రాయి."

నేనే రాశాను. కింద "ప్లాన్ మీద అభ్యంతరాలు ఉన్నాయా?" అని ఇంకో ప్రశ్న ఉంది. ఆమెకు ప్లానూ చూపించలేదు, ఆ ప్రశ్నా అడగలేదు. ఇల్లు ఇస్తామంటే అభ్యంతరం ఏముంటుందని "లేవు" అని రాసేశాను. ఆ వీధిలోనూ, తర్వాత వార్డంతా కూడా అట్లాగే రాశాను. ఆ రోజు మధ్యాహ్నానికల్లా ఆ వీధి పని అయిపోయిందని హాయిగా భోజనానికి పోయాను.

సభ మున్సిపాలిటీ హాల్లో జరిగింది. కమిషనర్ గారు బడ్జెట్ పద్దులు చదివారు. కాలువలు, దీపాలు, నీళ్ల ట్యాంకరు అయ్యాక నా వంతు వచ్చింది. గోడ మీద నా బొమ్మ వేసి, "ఈ వార్డులో అభ్యంతరాలు లేవు, అందరూ అనుకూలమే" అని గొంతు పెంచి చదివాను. చప్పట్లు కొడతారని ఎదురుచూస్తుంటే వెనక వరసలోంచి ఆ పెద్దమ్మ లేచింది.

"పాపా, ఇండ్లు బాగుండాయి. మగ్గం యాడ పెట్టుకునేది?"

"ఇంట్లోనే పెట్టుకోండి పెద్దమ్మా, హాలు పెద్దదే."

హాల్లో ఆడామగా గొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వింది. "మాది గుంత మగ్గం గదమ్మా. మేడ మీద గుంత తొవ్వితే కింద ఇంటోళ్ల అన్నంలో పడతాయి నా కాళ్లు."

నాకు తల కొట్టేసినట్టయింది. మూడేళ్లుగా ధర్మవరంలో ఉద్యోగం చేస్తూ, ఇక్కడి మగ్గానికి నేలలో గుంత ఉంటుందని తెలియని మనిషిని నేను. మా ఇంట్లో ప్రతి పెళ్లికీ ధర్మవరం చీరే కొంటారు. ఆ చీర ఎక్కడ కూర్చుని నేస్తారని ఒక్కరోజు కూడా నాకు తోచలేదు.

"నేల మీద నిలబెట్టే మగ్గాలు కూడా వచ్చాయి కదా, అవి వాడుకోకూడదా?" అన్నారు కమిషనర్ గారు. ఆయన కోపంగా ఏమీ అనలేదు, నిజంగానే అడిగారు.

ఆమె నవ్వు ఆపేసింది. "ముప్పై ఏండ్లు గుంతలో కూచున్న కాళ్లు సార్ ఇవి. ఇంగ కొత్తది నేర్చేదెప్పుడు, నేసేదెప్పుడు? ఇల్లిస్తాండారు, సంతోషమే. కూడు తీసేస్తాండారు గదా."

కమిషనర్ గారు నా ఫారాలు తెప్పించుకుని తిరగేశారు. ప్రతి దాంట్లోనూ నా చేతిరాతే, ప్రతి దాంట్లోనూ "లేవు". ఆయన నా వైపు చూసిన చూపుకు భూమి చీలితే లోపలికి పోదామనిపించింది. అభ్యంతరాలకు ఇంకో మూడు రోజులు గడువిచ్చి సభ ముగించారు.

మర్నాడు పొద్దున ఆమె ఇంటికి పోయాను. క్షమించమని అడుగుదామని మాటలు కూడబలుక్కుని పోయాను గానీ ఆమె అడగనివ్వలేదు. "కూచో" అని మగ్గం దగ్గర నేల చూపించింది. చిన్న గది. సగం గదికి పైగా మగ్గమే. ఆమె నేల అంచున వేసిన పలక మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి జారవిడిచింది. మోకాళ్ల దాకా ఆమె ఇంట్లో ఉంది, అక్కడి నుంచి కిందికి భూమిలో ఉంది. లోపల కాళ్లు కర్రలు తొక్కుతున్నాయి. నెత్తిన డిజైను చిల్లులు పొడిచిన జాకార్డు అట్టలు టకటకమని తిరుగుతున్నాయి. చేతిలో అడ్డపోగును మోసే నాడె అటు నుంచి ఇటు పోతూ ఉంది. ఒక్కో తొక్కుడుకు ఒక్కో పోగు. చాలాసేపు ఏమీ కనపడలేదు. తర్వాత జరీలో ఒక నెమలి మెడ పైకి లేచింది.

నేను నోరెళ్లబెట్టుకుని చూశాను. ఇంతకాలం నేను గీసిన బొమ్మల్లో ఒక్కటైనా ఇట్లా ఒక్కో గీతగా, తప్పితే విప్పి మళ్లీ వేసి, గీసింది కాదు.

"చీరలు అయిపోయినాక మగ్గం ఖాళీ చేస్తారా పెద్దమ్మా?" అని అడిగాను.

"ఖాళీ యాడయితాది? పాత పడుగు కొసలకే కొత్త పడుగు అతుకుతాము, ఒక్కొక్క పోగూ. మా అత్త అతికింది, దాని కొసకు నేను అతికినా. నేనొచ్చిన కాడి నుంచి ఈ మగ్గం ఉత్తగా ఉండింది లేదు."

వేల పోగులు. ఒక మనిషి చేతిలోంచి ఇంకో మనిషి చేతిలోకి, తెగకుండా. దాన్ని విప్పి మేడ ఎక్కించమని చెప్పింది నేను, ఒక్క "లేవు"తో. ఆమె ముందే కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఆమె నన్ను చూసి, "ఏడిస్తే పట్టు మీద పడతాది, పక్కకు జరుగు" అంది.

ఆ రోజే ఆఫీసులో కూర్చుని, నా నివేదిక మీద నేనే అభ్యంతరం రాశాను. ఈ ఫారాల్లో అభ్యంతరాల ప్రశ్న ఎవరినీ అడగలేదని, "లేవు" అన్న మాట నాదేనని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందేమోనని భయపడుతూనే దాన్ని కమిషనర్ గారి టేబుల్ మీద పెట్టాను. ఆయన చదివి, "పద, చూద్దాం" అని మర్నాడు పొద్దున్నే జీపు ఎక్కారు. సందు మలుపులో మళ్లీ పడుగు అడ్డం. డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టబోతే ఆయన వారించి, దిగి, బూట్లు విప్పి ఒక అరుగు మీద కూర్చున్నారు. ఎండ పడి ఆ వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఎరుపై మెరిసింది. పడుగు చుట్టేదాకా, దాదాపు అరగంట, ఆయన ఫోను కూడా తీయలేదు.

తిరిగొచ్చాక ప్లాన్ మళ్లీ గీయమన్నారు. పార్కు పోయింది, ఆర్చి పోయింది. మగ్గం నేసేవాళ్లకు నేల మీద ఒంటి ఇండ్లు, మధ్యలో పడుగు సాగేంత పొడవున మలుపు లేని వీధి వచ్చాయి. మగ్గం లేనివాళ్లకు మాత్రమే అంతస్తులు. బడ్జెట్‌లో ఆ మార్పుకు సభ చేతులెత్తి ఒప్పుకున్న రోజు పెద్దమ్మ రాలేదు. చీర అర్జెంటట. కట్టడం పూర్తయ్యే దాకా ఆగమని వీధి అంతా పోయి అడిగితే ఇంటాయన కూడా ఉగాది గడువు పొడిగించాడు.

పునాదులు తీసిన రోజు ఆమెను పిలిపించి, కొత్త డ్రాయింగ్ గర్వంగా చూపించాను. ఈసారి ప్రతి ఇంట్లో గుంత గీశాను, పొడవు, వెడల్పు, లోతు అంకెలతో సహా. ఆమె వేలు పెట్టి లోతు అంకె చదివింది.

"ఇది ఎవురి కాళ్లకు పాపా?"

"అందరికీ పెద్దమ్మా."

"నా కాళ్లూ, నా పక్కింటాయప్ప కాళ్లూ ఒకటేనా? ఆయప్ప తాటిచెట్టు మాదిరి ఉంటాడు." అని పునాది గట్టు మీద కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి, పాదం ఎక్కడ ఆనాలో మట్టి మీద మడమతో గీత గీసి చూపించింది. ఆ గీత నా అంకెకు ఎక్కడా కలవలేదు.

నేను అలవాటుగా పెన్ను తీసి, అంకె కొట్టేసి, రాయబోయి ఆగాను. ఆమె చేతులు ఆ రోజు ఖాళీగా ఉన్నాయి. కాగితమూ పెన్నూ ఆమెకే ఇచ్చాను. ఒళ్లో పెట్టుకుని, పోగులు అతికినంత నిదానంగా, లోతు రాయాల్సిన చోట ఆమె ఇట్లా రాసింది: "కూచునేవాళ్లను అడిగి తొవ్వాల."